నాలుగేళ్ల గిటార్ బ్లూస్: పాటకు జవాబు చెప్పే తీగ

అమెరికాలోని నల్లజాతివారి నుంచి పుట్టిన బ్లూస్ సంగీతాన్ని, అందులోనూ గిటార్ ప్రధానంగా సాగేదాన్ని, నేను నాలుగేళ్లకు పైగా, దాదాపు ప్రతిరోజూ వింటున్నాను. అంతకుముందు దానితో నాకు ఏ పరిచయమూ లేదు. గిటార్ వాయించడం ఇప్పటికీ రాదు. కాబట్టి వాద్యకారుడి విశ్లేషణను ఇందులో ఆశించవద్దు. ఏమీ తెలియకుండా మొదలుపెట్టి, కొన్ని ఆల్బమ్‌లను అరిగిపోయేటంతగా విని, కొన్నింటిని సగంలో వదిలేసిన ఒక శ్రోత తన అనుభవాన్ని చెబుతున్నాడని అనుకుంటే చాలు.

నేను ప్రవేశించిన ద్వారం అమెరికన్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 1983లో విడుదల చేసిన 'టెక్సస్ ఫ్లడ్' ఆల్బమ్. కొత్తవారిలో చాలామంది ఇటునుంచే వస్తారని తరువాత తెలిసింది. మామూలు కంటే బాగా మందమైన తీగలు బిగించి, శ్రుతిని అర మెట్టు దించి ఆయన వాయించే తీరులో ఒక మోటు బలం ఉంది, వేగమూ ఉంది. మొదటి రెండు నెలలు ఆ వేగానికే మురిసిపోయాను. మూడో నెలలో విసుగు పుట్టింది. ఏ కళాకారుడి పాట పెట్టినా అదే నడక, అదే మలుపు, అదే ముగింపు. పేర్లు మాత్రమే మారుతున్నాయనిపించింది. ఆ దశలో ఎవరైనా అభిప్రాయం అడిగి ఉంటే, ఒకే పాటను వంద పేర్లతో అమ్ముతున్నారని చెప్పి ఉండేవాణ్ణి.

ఆ విసుగును వదిలించింది లెక్కపెట్టడం. బ్లూస్ పాటల్లో చాలావాటికి ఒకటే చట్రం: నాలుగేసి లెక్కల బార్లు పన్నెండు, అంటే మొత్తం నలభై ఎనిమిది లెక్కలకు ఒక ఆవర్తనం. మొదటి నాలుగు బార్లు షడ్జమం మీద కట్టిన కార్డ్‌పై, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపుపై, నిలుస్తాయి. తరువాతి రెండు మధ్యమానికి వెళ్తాయి. రెండు వెనక్కి వస్తాయి. ఆపైన పంచమం, మధ్యమం ఒక్కొక్క బార్ పలికి, చివరి రెండింటిలో పాట ఇల్లు చేరుతుంది. సాహిత్యం కూడా దీనికి తగినట్టే ఉంటుంది. ఒక పాదాన్ని పాడి, దాన్నే మళ్లీ పాడి, మూడో పాదంలో విషయం తేలుస్తారు. నేను చాలాకాలం గమనించనిది ఏమిటంటే, ఒక్కో పాదానికి నాలుగు బార్ల చోటు ఉన్నా గాయకుడు సుమారు రెండు బార్లలోనే మాట ముగించేస్తాడు. మిగిలిన చోటు గిటార్‌ది. అది అలంకారం కోసం విడిచిన ఖాళీ అనుకుని దాటేసినంత కాలం అన్ని పాటలూ ఒకేలా వినిపించాయి. అక్కడ రెండో మనిషి మాట్లాడుతున్నాడని తెలిశాక మాత్రం, చట్రం మారకపోవడమే సౌకర్యమైంది. చట్రం ముందే తెలుసు కనుక, ఈసారి తీగ ఏం జవాబు చెబుతుందన్నదాని మీదే చెవి నిలుస్తుంది.

మన సంగీతం కొద్దిగా విన్నవారికి ఇక్కడ ఒక తాళంచెవి దొరుకుతుంది. బ్లూస్ గిటారిస్టులు ఎక్కువగా వాడే అయిదు స్వరాల వరుస షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం; అంటే స్వరాల వరకు చూస్తే శుద్ధ ధన్యాసి. పోలిక అంతటితో ఆగిపోతుంది, ఎందుకంటే కింద మోగే కార్డ్‌లో అంతర గాంధారం, అంటే అర మెట్టు పైనున్న గాంధారం, ఉంటుంది. ఆ రెండు గాంధారాల మధ్య రాపిడి నుంచే బ్లూస్‌కు దాని ప్రత్యేకమైన చేదు వచ్చింది. మంచి వాద్యకారుడు తీగను పక్కకు నెట్టి సాధారణ గాంధారాన్ని పైకి లాగుతాడు గాని అంతర గాంధారం దాకా పోనివ్వడు. పియానో మెట్లలో లేని ఒక చోట దాన్ని నిలబెడతాడు. గమకానికి అలవాటుపడిన చెవికి ఇది వెంటనే అందుతుందని అనుకుంటాను. నాకు మాత్రం ఏడాది పట్టింది.

ఈ నాలుగేళ్లలో ఎక్కువసార్లు విన్న ఆల్బమ్ బి.బి. కింగ్ 'లైవ్ ఎట్ ది రీగల్'. 1964 నవంబర్ 21న షికాగోలోని రీగల్ థియేటర్‌లో రికార్డు చేసి, మరుసటి ఏడాది విడుదల చేశారు. నిడివి ముప్పై అయిదు నిమిషాలే. కొత్తవారికి ఒక్క ఆల్బమ్ చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. కింగ్ పాడుతున్నప్పుడు గిటార్ వాయించడు, వాయిస్తున్నప్పుడు పాడడు. రెండూ ఒకేసారి చేయడం తనకు చేతకాదని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ లోపం వల్లే పాటకూ తీగకూ మధ్య సంభాషణ ఇంత స్పష్టంగా వినబడుతుంది. గొంతు ఎక్కడ ఆగిందో అక్కడే తీగ అందుకుంటుంది, అదీ మూడు నాలుగు స్వరాలతోనే. ఒకే స్వరాన్ని పట్టుకుని ఎడమచేతి వేలితో వణికించడం ఆయన ముద్ర. ఆయన తల్లికి దగ్గరి బంధువైన బుకా వైట్, తీగలపై లోహపు గొట్టం జార్చే స్లైడ్ పద్ధతిలో దిట్ట; ఆ నాదం తన చేతికి రాక, దాన్ని వేలి కంపనంతో అనుకరించబోయి ఈ పలుకు సంపాదించానని కింగ్ చెప్పేవాడు. ఈ సంగతి తెలిశాక నేను ఆల్బమ్‌ను మళ్లీ మొదటినుంచి విన్నాను. మొదటి పరిచయంలో దాటేసిన దీర్ఘస్వరాలన్నీ అప్పుడు చెవిన పడ్డాయి.

ఆ రికార్డులో ప్రేక్షకులు మూడో వాద్యం. 'హౌ బ్లూ కెన్ యూ గెట్' పాటలో ఒకచోట బృందమంతా ఆగి ఆగి కొడుతుంటే, భార్యకు తాను చేసినవన్నీ గాయకుడు ఏకరువు పెడతాడు. పిల్లల సంగతి దగ్గరికి వచ్చేసరికి థియేటర్ ఒక్కసారిగా కేకలతో నిండిపోతుంది. ఆ కేక ఎప్పుడు వస్తుందో నాకు కంఠతా వచ్చినా, ఇప్పటికీ ఆ క్షణానికి చేస్తున్న పని ఆపేస్తాను. బ్లూస్ అంటే ఏడుపు పాట అని ఎవరో చెప్పగా నమ్మినవాణ్ణి. ఇందులో ఇంత నవ్వు ఉందని తెలిసింది ఆ పాట వల్లే.

తరువాత చాలాకాలం నన్ను పట్టి ఉంచినవాడు ఆల్బర్ట్ కింగ్. బి.బి. కింగ్‌తో చుట్టరికం లేదు, పేరొక్కటే కలిసింది. ఎడమచేతివాటం గల ఈయన కుడిచేతివారి గిటార్‌ను తిరగేసి, తీగలు మార్చకుండానే వాయించేవాడు. దానివల్ల సన్నతీగలు పైభాగంలోకి వచ్చాయి. ఇతరులు పైకి నెట్టే తీగను ఆయన కిందికి లాగుతాడు, ఆ లాగుడులో చేతి బలమంతా ఉంటుంది. 1967లో స్టాక్స్ అనే రికార్డు సంస్థ తెచ్చిన 'బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్' ఆల్బమ్‌లో, బుకర్ టి అండ్ ది ఎంజీస్ బృందం గడియారంలా నడుపుతున్న లయ మీద ఆ తీగ పలుకు మూలుగులా సాగుతుంది. వాన్ ఎవరి దగ్గర నేర్చుకున్నాడో దీన్ని విన్నాకే అర్థమైంది. 1983 డిసెంబర్‌లో కెనడా టెలివిజన్ కోసం వీరిద్దరూ కలిసి వాయించిన కార్యక్రమం 1999లో 'ఇన్ సెషన్' పేరుతో ఆల్బమ్‌గా వచ్చింది. అరవై ఏళ్ల పెద్దాయన ఒక్క స్వరంతో, ఇరవై తొమ్మిదేళ్ల కుర్రవాడు ఇరవై స్వరాలతో చెప్పిన విషయం ఒకటే అని అందులో పక్కపక్కనే వినవచ్చు. నేను వేగానికి మురిసిపోయిన రోజులకు ఇంతకన్నా మంచి మందు లేదు. వాన్ మీద గౌరవమూ తగ్గలేదు, 'టెక్సస్ ఫ్లడ్'లోని నెమ్మది పాటలను ఇప్పుడే ఇష్టంగా వింటున్నాను.

విద్యుత్ గిటార్ ఈ సంగీతాన్ని ఎంత మార్చిందో తెలుసుకోవాలంటే గాయకుడు మడ్డీ వాటర్స్ రికార్డులు రెండింటిని వరుసగా వినాలి. 1941లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం తరఫున వచ్చినవారు మిసిసిపీ రాష్ట్రంలోని స్టోవాల్ తోటలో ఆయన చేత పాడించి రికార్డు చేశారు. ఆయన 1943లో షికాగో చేరాడు. తోటలో 'కంట్రీ బ్లూస్' అనే పేరుతో పాడిన పాటనే 1948లో 'ఐ ఫీల్ లైక్ గోయింగ్ హోమ్' పేరుతో విద్యుత్ గిటార్ మీద మళ్లీ పాడాడు. మొదటిదానిలో గిటార్ గొంతు పక్కన కూర్చుంటుంది. రెండోదానిలో గొంతుకు ఎదురుగా లేచి నిలబడుతుంది. జనంతో కిక్కిరిసిన నగరపు క్లబ్బుల రొదలో మామూలు గిటార్ వినబడదు కనుక విద్యుత్తు అవసరమైంది. ఆ అవసరమే కొత్త నాదాన్ని తెచ్చింది.

రాబర్ట్ జాన్సన్ దగ్గరికి మాత్రం ఆలస్యంగా వెళ్లాను; అదే మేలైంది. 1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డల్లాస్‌లో రికార్డు చేసిన ఇరవై తొమ్మిది పాటలే ఆయన మిగిల్చినవి. 1938లో ఇరవై ఏడేళ్లకే చనిపోయాడు. నాలుగు దారులు కలిసేచోట సైతానుకు ఆత్మను అమ్మి విద్య సంపాదించాడన్న కథను ఈయన పేరుతో పాటే చెబుతారు. నాకు ఆ కథ మీద చికాకు. అలాంటి కథ అంతకుముందే టామీ జాన్సన్ అనే మరో గాయకుడి గురించి ప్రచారంలో ఉంది. పైగా అది ఈయన సాధనను మింగేస్తుంది. ఒక్క గిటార్ మీద మంద్ర స్వరాల నడక, కార్డ్, పైతీగ జవాబు మూడూ ఒకేసారి మోగించిన చేతుల వెనుక ఎన్ని రాత్రుల సాధన ఉందో ఆలోచించడమే నాకు ఎక్కువ ఇష్టం. నేను కష్టపడి నేర్చిన లెక్కను ఆయన యథేచ్ఛగా అతిక్రమిస్తాడు. పాదం ముగియకపోతే ఒకటి రెండు లెక్కలు పెంచేస్తాడు. జాన్ లీ హుకర్ అయితే 1948 నాటి 'బూగీ చిల్లన్'లో కార్డ్ మార్పునే వదిలేసి, కాలి చప్పుడుతో పాటంతా నడిపించాడు.

ఇక ఫిర్యాదులు. చవకైన సంకలనాలు పెద్ద మోసం: ప్రసిద్ధమైన పాటల పేర్లు చూసి నేను కొన్న ఒక సంపుటిలో సగం, అదే గాయకులు ముసలితనంలో మళ్లీ పాడినవి; ఆ సంగతి అట్ట మీద ఎక్కడా లేదు. రికార్డు చేసిన ఏడాది రాయని సంకలనాన్ని ఇప్పుడు ముట్టుకోను. పాత రికార్డుల గరగర శబ్దాన్ని మితిమీరి తుడిచినవాటిలో తీగ మీద వేలు జారే చప్పుడు కూడా పోతుంది; గరగర ఉన్నదే నయం. పది నిమిషాల సోలోలతో, అంటే పాట లేని ఒంటరి గిటార్ వాయింపులతో, నిండిన తరువాతి కాలపు బ్లూస్ రాక్ ఆల్బమ్‌లను చాలావరకు పక్కన పెట్టేశాను, ఎందుకంటే వాటిలో జవాబులే తప్ప ప్రశ్న ఉండదు. కొన్ని పాత పాటల్లో స్త్రీల పట్ల ఉన్న దౌర్జన్యపు మాటలు ఎన్నిసార్లు విన్నా ఇబ్బంది పెడతాయి. కాలం అలాంటిదని సరిపెట్టుకోవడం నాకు సాధ్యం కాలేదు.

వినే పరికరానికి పెద్ద ఖర్చు అవసరం లేదు, కాని ఫోన్‌లోని చిన్న స్పీకర్ మీద బేస్, అంటే మంద్ర స్వరాలు, పోతే నడకే పోతుంది. మామూలు హెడ్‌ఫోన్లు చాలు.

నాకు ఇంకా అందనివాడు చార్లీ పాటన్. ఆయన 1929 నుంచి చేసిన రికార్డుల మూల ఫలకాలు దొరకలేదు. అరిగిన డిస్కుల నుంచి ఎత్తిన ప్రతులే వినవలసి వస్తోంది. బొంగురు గొంతులో పదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, మధ్యలో గిటార్ చెక్క మీద చరుపులు పడతాయి. సాహిత్యం కాగితం మీద పెట్టుకుని విన్నా రెండో పాదానికే దారి తప్పుతున్నాను. గిటార్ చెప్పే జవాబు మాత్రం ఈమధ్యే కొంచెం కొంచెంగా వినబడుతోంది.