తొలగని ప్రోగ్రామ్: రీవోనా, మళ్ళీ ఎక్కించి తీయడమా, చేత్తో పీకేయడమా?

పాత కంప్యూటర్ల గురించి వచ్చే ప్రశ్నల్లో ఇదొకటి ఎప్పటికీ తగ్గదు. "కంట్రోల్ ప్యానెల్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే ఎర్రర్ వస్తోంది, ప్రోగ్రామ్ పోవట్లేదు. రీవో వెయ్యమంటారా, ఫోల్డర్ డిలీట్ చేసేయమంటారా?" విండోస్ 7, 8.1, 10 మీద నడుస్తున్న మెషీన్ల సంగతే ఇక్కడ. ఒకసారి రీస్టార్ట్ చేసి, అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌లోంచి మళ్ళీ ప్రయత్నించి చూశారనే అనుకుంటున్నాను.

రీవో అంటే ప్రోగ్రాముల్ని తీసేయడానికి వాడే ఒక సాఫ్ట్‌వేర్. అది మంచిదా కాదా అన్నది తర్వాతి మాట. ముందు తేలాల్సింది ఆ ప్రోగ్రామ్‌ని ఎక్కించిన ఇన్‌స్టాలర్ ఏది అన్నది. ఇది చూడకుండా ఏ పనిముట్టు పట్టుకున్నా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

చూడటం రెండు నిమిషాల పని. రెజ్‌ఎడిట్ (విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీని చూపే పనిముట్టు) తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్ > సాఫ్ట్‌వేర్ > మైక్రోసాఫ్ట్ > విండోస్ > కరెంట్‌వెర్షన్ > అన్‌ఇన్‌స్టాల్ దాకా వెళ్ళండి. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాములు ఇక్కడ కనబడవు. సాఫ్ట్‌వేర్ కింద వావ్6432నోడ్ అనే కొమ్మ ఉంటుంది, దాంట్లో ఇదే దారి పట్టుకోవాలి. ఒక్క యూజర్‌కే ఎక్కించినవి హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద ఉంటాయి. ఎడమ వైపు ఫోల్డర్లలా కనబడే కీలను ఒక్కొక్కటే నొక్కుతూ పోతే కుడి వైపు "డిస్‌ప్లే నేమ్"లో ప్రోగ్రామ్ పేరు, "అన్‌ఇన్‌స్టాల్ స్ట్రింగ్"లో దాన్ని తీసేసే ఆదేశం కనబడతాయి. చూడటమే తప్ప ఇప్పుడే ఏదీ మార్చొద్దు.

ఆ ఆదేశం ఎంఎస్ఐ ఎగ్జెక్ (MsiExec) అని మొదలైతే మీ ప్రోగ్రామ్ విండోస్‌లోనే ఉండే విండోస్ ఇన్‌స్టాలర్ బాపతు, పొట్టిగా ఎంఎస్ఐ. అలా కాకుండా ప్రోగ్రామ్ సొంత ఫోల్డర్‌లోని ఏదో ఈఎక్స్ఈని చూపిస్తుంటే, ఉదాహరణకు "అనిన్స్000" అనో "అన్‌ఇన్‌స్టాల్" అనో ఉంటే, అది ఇన్నో సెటప్, ఎన్ఎస్ఐఎస్ లాంటి ఇన్‌స్టాలర్ తయారుచేసే పనిముట్లతో తయారైంది. కీ పేరు మీసాల బ్రాకెట్ల మధ్య ఉంది కదా అని ఎంఎస్ఐ అనుకోకండి. ఇన్‌స్టాల్‌షీల్డ్ అనే ఇంకో పనిముట్టు కూడా ఆ పేర్లే పెడుతుంది. ఆదేశాన్నే నమ్మండి.

ఎంఎస్ఐ అయితే: మళ్ళీ ఎక్కించి తీయడమే నా ఓటు

ఎంఎస్ఐ ప్రోగ్రామ్‌ని ఎక్కించినప్పుడు విండోస్ ఆ ప్యాకేజీ కాపీ ఒకటి సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి "ఇన్‌స్టాలర్" అనే ఫోల్డర్‌లో దాచుకుంటుంది. తీసేసేటప్పుడు ఏ ఫైలు ఎక్కడ పెట్టిందో ఈ కాపీని చదివే తెలుసుకుంటుంది. ఆ ఫోల్డర్ మామూలుగా కనబడదు, కానీ అడ్రస్ బార్‌లో దారి టైప్ చేస్తే తెరుచుకుంటుంది. లోపల అర్థంపర్థం లేని అంకెలూ అక్షరాలూ కలిసిన పేర్లతో పదులకొద్దీ ఫైళ్ళు, ఒక్కోసారి చాలా జీబీలు.

చిక్కంతా ఇక్కడే. సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయింది, 120 జీబీ ఎస్ఎస్‌డీలో చోటు లేదు అనగానే ఎవరో ఈ ఫోల్డర్ ఖాళీ చేసేస్తారు. ఆ రోజు ఏమీ కాదు. ఏడాది తర్వాత ప్రోగ్రామ్ తీయబోతే "ఇన్‌స్టలేషన్ సోర్స్ దొరకడం లేదు" అని 1612 ఎర్రర్ వస్తుంది, లేదంటే ఫలానా ఎంఎస్ఐ ఫైల్ చూపించు అని ఒక బాక్స్ అడుగుతుంది. కొత్త వెర్షన్ ఎక్కించబోయినా పాతది తీయలేకపోతున్నానంటూ 1714తో ఆగిపోతుంది. జబ్బు ఒకటే, ఎర్రర్ నంబర్లే వేరు.

కాపీ ఉందో లేదో చూడాలంటే ఆ ఫోల్డర్‌ని డీటెయిల్స్ వ్యూలో పెట్టి, కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి "సబ్జెక్ట్" అనే కాలమ్ కలపండి. చాలా ఫైళ్ళ ఎదురుగా ప్రోగ్రామ్ పేరు వచ్చేస్తుంది. మీది కనబడితే దాని మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ నొక్కి చూడండి. కంట్రోల్ ప్యానెల్ లిస్టులో పేరే లేకుండా పోయిన ప్రోగ్రాములు కూడా ఇలా పోతాయి.

కనబడకపోతే పాత సెటప్ ఫైల్ వెతకాలి. ఏదో ఒక సెటప్ కాదు, సరిగ్గా అదే వెర్షన్. ఇందాకటి రిజిస్ట్రీ కీలోనే "డిస్‌ప్లే వెర్షన్" అని ఉంటుంది, చివరి అంకె దాకా రాసుకోండి. వేరే బిల్డ్ నడిపితే "ఈ ప్రోగ్రామ్ మరో వెర్షన్ ఇప్పటికే ఉంది" అని 1638 ఎర్రర్ కొడుతుంది. చాలామంది ఇక్కడే విసిగిపోయి రీవో దగ్గరికి పరుగెడతారు.

ఫైల్ పేరు కూడా అదే ఉండాలి. బ్రౌజర్ రెండోసారి డౌన్‌లోడ్ చేసినప్పుడు పేరు చివర బ్రాకెట్లో 1 తగిలిస్తుంది చూడండి, ఆ ఒక్క తేడాకే విండోస్ ఇన్‌స్టాలర్ ఫైల్‌ని ఒప్పుకోదు. ఎర్రర్ బాక్స్ అడుగుతున్న పేరు చూసి, ఫైల్‌కి అక్షరం పొల్లుపోకుండా అదే పేరు పెట్టండి. మీ దగ్గరున్నది ఈఎక్స్ఈ సెటప్ అయితే దాన్ని నడిపి మొదటి స్క్రీన్ దగ్గర ఆపండి. చాలా సెటప్‌లు ఆ సమయానికి అసలు ఎంఎస్ఐని యూజర్ టెంప్ ఫోల్డర్‌లోకి విప్పేసి ఉంటాయి. తేదీ ప్రకారం వరుస పెట్టి, కొత్తగా పుట్టిన సబ్‌ఫోల్డర్‌లో చూసి, ఎంఎస్ఐని బయటికి కాపీ చేసుకున్నాకే సెటప్ రద్దు చేయండి. రద్దు చేస్తే అది తన టెంప్ ఫైళ్ళు తుడిచేసుకుని పోతుంది.

దొరికాక అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎంఎస్ఐ ఎగ్జెక్, ఒక ఖాళీ, స్లాష్, దాని వెంటే ఎఫ్, వి అక్షరాలు, మళ్ళీ ఖాళీ ఇచ్చి కోట్స్‌లో ఫైల్ పూర్తి దారి. ఎఫ్ అంటే రిపేర్. వి అంటే ఈ ఫైల్ నుంచే చదివి, పోయిన కాపీని మళ్ళీ దాచుకో అని. రిపేర్ అయ్యాక కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్ళి మామూలుగా తీసేయొచ్చు.

ఈ దారికే ఎందుకు మొగ్గుతున్నానంటే, ఎంఎస్ఐలో ఒకే డీఎల్ఎల్ ఫైల్‌ని రెండు మూడు ప్రోగ్రాములు పంచుకుంటే ఎవరెవరు వాడుతున్నారో విండోస్ లెక్క రాసుకుంటుంది. పద్ధతిగా తీస్తే ఆ లెక్క సరిపోతుంది. ఫోల్డర్ డిలీట్ చేస్తే ఫైళ్ళు పోతాయి, లెక్క మిగులుతుంది. రేపు అదే కంపెనీ కొత్త వెర్షన్ ఎక్కకపోవచ్చు.

ఇన్నో, ఎన్ఎస్ఐఎస్ బాపతుకి ఇంత తతంగం లేదు. ఇన్నోలో అన్‌ఇన్‌స్టాలర్ ఈఎక్స్ఈ పక్కనే అదే పేరుతో డీఏటీ (.dat) ఫైల్ ఒకటి ఉంటుంది, ఏమేం ఎక్కించిందో దాన్లోనే రాసి ఉంటుంది. అది పోతే ఈఎక్స్ఈ పనిచేయదు. అదే సెటప్‌ని అదే ఫోల్డర్‌లోకి మళ్ళీ ఎక్కిస్తే రెండూ తిరిగి వస్తాయి, వెంటనే తీసేయండి.

రీవో, గీక్: ఎక్కడ పనికొస్తాయి

రీవో అన్‌ఇన్‌స్టాలర్ మొదట చేసే పని ప్రోగ్రామ్ సొంత అన్‌ఇన్‌స్టాలర్‌ని నడపడమే. అందుకే కంట్రోల్ ప్యానెల్‌లో వచ్చిన 1612 రీవోలోనూ అలాగే వస్తుంది. దాన్ని మూసేశాక జరిగేది స్కాన్. ప్రోగ్రామ్ పేరు, కంపెనీ పేరు, ఫోల్డర్ దారి పట్టుకుని రిజిస్ట్రీ, డిస్క్ గాలించి మిగిలినవి ఇవీ అని చూపిస్తుంది. అది ఊహ, రికార్డు కాదు. ఊహ చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది, కాని లిస్టు చదవకుండా "సెలెక్ట్ ఆల్" కొట్టేవాళ్ళకే దెబ్బ.

టాలీ ఈఆర్‌పీ 9 ఉదాహరణ తీసుకోండి. చాలా షాపుల కంప్యూటర్లలో అది సీ డ్రైవ్‌లో సొంత ఫోల్డర్‌లో ఉంటుంది, కంపెనీల లెక్కలన్నీ దాని లోపలి "డేటా" ఫోల్డర్‌లోనే. మిగిలిన ఫైళ్ళ లిస్టులో ఆ ఫోల్డర్ వచ్చి, మీరు టిక్ పెట్టి డిలీట్ నొక్కితే నాలుగేళ్ళ జీఎస్టీ లెక్కలు గల్లంతే. ఏ అన్‌ఇన్‌స్టాలర్ ముట్టుకునే ముందైనా డేటా ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి.

రీవోలో సేఫ్, మోడరేట్, అడ్వాన్స్‌డ్ అని మూడు స్థాయిల స్కాన్ ఉంది. మోడరేట్ దాటొద్దు. రిజిస్ట్రీ లిస్టులో బోల్డ్‌గా ఉన్నవే తీసేవి, మిగతావి దారి చూపడానికి ఉన్న పై కొమ్మలు. గీక్ అన్‌ఇన్‌స్టాలర్ ఒకే ఈఎక్స్ఈ, ఎక్కించాల్సిన పని లేదు కాబట్టి 2 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్‌కి అదే తేలిక. దాంట్లో ఫోర్స్ రిమూవల్, అంటే ప్రోగ్రామ్ సొంత అన్‌ఇన్‌స్టాలర్ లేకుండానే బలవంతంగా తీసేయడం, కూడా ఉంది.

సెటప్ ఎక్కడా దొరకదు, కంపెనీయే మూతపడింది, లేదా ఫ్రీ సాఫ్ట్‌వేర్ వెంట దొంగచాటుగా ఎక్కిన టూల్‌బార్ అయితే వీటినే వాడాలి, అక్కడ నాకు అభ్యంతరం లేదు. రిజిస్ట్రీ క్లీనర్లు మాత్రం వద్దే వద్దు. వాటిని తాను సమర్థించనని మైక్రోసాఫ్టే చెబుతుంది, వేగం కూడా ఏమీ పెరగదు.

మైక్రోసాఫ్ట్ ట్రబుల్‌షూటర్

"ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్" ట్రబుల్‌షూటర్ చేసేది ముఖ్యంగా విండోస్ ఇన్‌స్టాలర్ రాసుకున్న పాడైన రికార్డును చెరపడం. 1714తో కొత్త వెర్షన్ ఆగిపోయి, పాత సెటప్ దొరకనప్పుడు ఇదే మందు. అయితే ప్రోగ్రామ్ ఫైళ్ళు ఫోల్డర్‌లో అలాగే ఉండిపోవచ్చు, వాటిని మీరే తీసుకోవాలి. దీనికి ముందు ఇలాంటి పనికే వాడిన "విండోస్ ఇన్‌స్టాలర్ క్లీనప్ యుటిలిటీ" వేరే ప్రోగ్రాముల భాగాలనూ పాడుచేస్తోందని మైక్రోసాఫ్ట్ 2010లో వెనక్కి తీసుకుంది. ఏవో సైట్లలో అది ఇప్పటికీ దొరుకుతుంది, దించుకోవద్దు.

చేత్తో పీకేయడం

ఎంఎస్ఐకి ఇది వద్దు. ఈఎక్స్ఈ బాపతుకైతే ఫర్వాలేదు, కానీ వరుస తప్పకూడదు. ముందు టాస్క్ మేనేజర్‌లో ప్రోగ్రామ్‌ని ఆపి, సర్వీసెస్‌లో దాని సర్వీస్ ఉంటే ఆపాలి. టాస్క్ షెడ్యూలర్‌లో దాని పేరుతో ఉన్నవి తీసేయాలి, లేకపోతే రోజూ పొద్దున్నే "ఫైల్ దొరకలేదు" బాక్స్ వస్తుంది. ఆ తర్వాత ఫోల్డర్. చివర్న అన్‌ఇన్‌స్టాల్ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని డిలీట్ చేయాలి. సర్వీస్‌ని తొలగించే "ఎస్‌సీ డిలీట్" ఆదేశాన్ని విండోస్ పవర్‌షెల్‌లో కొట్టకండి. అక్కడ ఎస్‌సీ అంటే ఫైల్‌లో రాసే ఇంకో ఆదేశానికి పొట్టి పేరు, సర్వీస్ అలాగే ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్టే వాడండి.

"సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి తీసేయ్" అనే సలహా అందరి నోటా ఉంటుంది. ఈఎక్స్ఈ అన్‌ఇన్‌స్టాలర్లకి అది పనికొస్తుంది. ఎంఎస్ఐ వాటికి రాదు, సేఫ్ మోడ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్ మామూలుగా మొదలవదు. అక్కడ ఎర్రర్ చూసి ఇంకేదో పాడైందని కంగారు పడనక్కర్లేదు.

ఇంకొక సలహా కూడా తిరుగుతోంది, కమాండ్ ప్రాంప్ట్‌లో డబ్ల్యూఎంఐసీ ప్రోడక్ట్ అనే ఆదేశంతో ఎక్కి ఉన్న ప్రోగ్రాముల లిస్ట్ తీయమని. అది ఊరికే లిస్ట్ తీయదు, ఎక్కి ఉన్న ప్రతి ఎంఎస్ఐ ప్రోగ్రామ్‌నీ సరిగ్గా ఉందో లేదో తనిఖీ చేస్తూ పోతుంది, లోపం కనబడితే రిపేర్ కూడా మొదలుపెడుతుంది. పాత హార్డ్ డిస్క్ మీద ఎంతసేపు గిరగిరా తిరుగుతుందో చెప్పలేం.

యాంటీవైరస్‌కి పై దారుల్లో ఏదీ వద్దు. అది విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్ దాకా డ్రైవర్లు దించి ఉంటుంది, సగం పీకితే నెట్ ఆగిపోవచ్చు, విండోసే లేవకపోవచ్చు. నార్టన్, మెకాఫీ, క్యాస్పర్‌స్కీ, అవాస్ట్, అన్నిటికీ సొంత రిమూవల్ టూల్స్ ఉన్నాయి. ఆ కంపెనీ సైట్ నుంచి దించుకుని అదే నడపండి. లిస్టులో వరుసగా కనిపించే విజువల్ సీ++ 2005, 2008, 2010 జోలికీ పోకండి. పాత చెత్తలా కనబడతాయి కానీ ఒక్కోదాని మీద ఏదో ప్రోగ్రామ్ ఆధారపడి ఉంటుంది, కొత్తది పాతదాని పని చేయదు.

నిన్నో మొన్నో ఎక్కించిందైతే ఇవేవీ అక్కర్లేదు. సిస్టమ్ రీస్టోర్ ఆన్‌లో ఉంటే అంతకు ముందు రోజుకి వెళ్ళిపోండి. విండోస్ 10లో చాలా మెషీన్లలో అది ఆఫ్‌లో ఉంటుంది, అది వేరే బాధ.

ఫార్మాట్ కొట్టించడం అన్నది షాపులవాళ్ళకి మొదటి సలహా, నాకు ఆఖరిది. ఒక్క ప్రోగ్రామ్ కోసం మొత్తం తుడిచేయనక్కర్లేదు. తప్పదనుకుంటే టాలీ లైసెన్స్‌ని ముందు నెట్ ఉండగానే దాంట్లోంచే సరెండర్ చేయండి, డీటీపీ మెషీన్ అయితే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ సీడీ చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి, ప్రింటర్ పాతదైతే దాని డ్రైవర్ ఫైల్ దించి పక్కన పెట్టుకోండి.