రాళ్ల నగలు కొనేవాళ్లు జాగ్రత్త: రేటు సరే, హాల్‌మార్క్ సరే, రాళ్ల తూకం చూశారా?

పెళ్లి ముహూర్తాల కోసం హారాలు, వడ్డాణాలు కొనబోతున్న అందరికీ ఈ హెచ్చరిక. ఒక పెద్ద షోరూమ్‌లో కొన్న కెంపులు, పచ్చల హారం బిల్లు ఇది. అందులో బంగారం మంచిదే, హాల్‌మార్క్ అసలుదే, గ్రాము రేటు కూడా ఆ రోజు బోర్డు మీద ఉన్నదే. అయినా కొన్నవాళ్లకి నలభై అయిదు వేలకు పైగా అదనంగా పడింది. ఎక్కడ పడిందో చూపిస్తాను. ఒకసారి చూస్తే ఏ షాపులోనైనా మీరే పట్టుకోగలరు.

రేటు రోజూ మారుతుంది కాబట్టి తూకాలు బిల్లులో ఉన్నవే ఉంచి, 22 క్యారట్ గ్రాము 10,000 రూపాయలని లెక్క వేస్తున్నాను. రాళ్లతో కలిపి మొత్తం తూకం, అంటే గ్రాస్ వెయిట్, 52.400 గ్రాములు. రాళ్లకి తీసేసింది 6.200. మిగిలిన నెట్ వెయిట్ 46.200. తరుగు 18 శాతం. కింద ఇంకో వరసలో రాళ్ల ధర: 45 క్యారట్లు, క్యారట్‌కి 650 చొప్పున 29,250 రూపాయలు. ఆపైన 3 శాతం జీఎస్టీ. అంతా కలిపి ఆరు లక్షల మూడు వేల పైమాటే.

ఇప్పుడు ఆ 45 క్యారట్ల దగ్గర ఆగండి. రాళ్లని తూచే క్యారట్ అంటే 0.2 గ్రాములు. అయిదు క్యారట్లు ఒక గ్రాము. (బంగారం స్వచ్ఛత చెప్పే 22 క్యారట్, 18 క్యారట్ వేరు, ఇది వేరు. మాట ఒకటే కావడంతో చాలామంది ఇక్కడే తికమకపడతారు.) అంటే 45 క్యారట్ల రాళ్లు 9.000 గ్రాములుండాలి. తీసేసింది 6.200 మాత్రమే. మధ్యలో 2.800 గ్రాముల రాయి బంగారంగా లెక్కలోకి వచ్చేసింది. గ్రాము పదివేల చొప్పున 28,000. అదే రాయికి క్యారట్ 650 చొప్పున కింద మళ్లీ డబ్బు తీసుకున్నారు. ఒకే రాయి, ఒకే బిల్లు, రెండు ధరలు.

రెండో దెబ్బ తరుగులో. 18 శాతం తరుగు నెట్ మీద వేయాలి, ఎందుకంటే తరుగు అనేది బంగారం పనిలో పోయే బంగారానికి కట్టే లెక్క. రాయి అరిగిపోదు కదా. ఈ బిల్లులో గ్రాస్ మీద వేశారు. 52.400 మీద 18 శాతం అంటే 9.432 గ్రాములు. అసలైన నెట్ 43.400 మీద వేస్తే 7.812. తేడా 1.620 గ్రాములు, 16,200 రూపాయలు. రెండూ కలిపి 44,200, దాని మీద జీఎస్టీతో 45,526.

బేరం ఎక్కడ ఆడామో గుర్తుచేసుకోండి. అందరం తరుగు 18 నుంచి 16కి తగ్గించమని గంటసేపు అడుగుతాం. ఆ రెండు శాతం తగ్గినా ఈ హారం మీద మిగిలేది పది వేల చిల్లర. రాళ్ల తూకంలో పోయింది దానికి నాలుగు రెట్లు. బంగారం దిగుమతి సుంకం గురించి కూడా ఎంత వాదించుకుంటామో తెలిసిందే. 2024 జులై బడ్జెట్‌లో 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు గ్రాముకి ఎంత తగ్గుతుందో ప్రతి ఒక్కరూ లెక్క వేశారు. ఆ శ్రద్ధలో సగం బిల్లు మీద పెడితే చాలు.

కౌంటర్ దగ్గర ఏం చేయాలంటే, నగ నచ్చగానే ముందు దాని ట్యాగ్ అడిగి ఫొటో తీసుకోండి. గ్రాస్, స్టోన్, నెట్ మూడూ ఆ చిన్న చీటీ మీదే ఉంటాయి. తర్వాత డబ్బు కట్టకముందే ఎస్టిమేషన్ చీటీ తీయించండి. అందులో రాళ్లు ఎన్ని క్యారట్లో అంకెల్లో రాయమనండి. "రాళ్లు, ఒక లాట్" అనో, "స్టోన్ ఛార్జీలు" అని ఒకే మొత్తమో రాస్తే ఒప్పుకోకండి. క్యారట్లు రాస్తేనే 5తో భాగించి గ్రాములు చూడగలరు. కెంపులు, పచ్చలు, తెల్లరాళ్లు, ముత్యాలు విడివిడిగా రాయించండి. వాటి ధరలు వేరువేరుగా ఉంటాయి, అన్నిటినీ ఖరీదైన రాయి రేటుకి కలిపేయడం ఇంకో పద్ధతి. "సిస్టమ్‌లో అలా రాదు సార్" అంటారు. వస్తుంది. లేకపోతే చేత్తో రాసి స్టాంపు వేసి ఇవ్వమనండి.

తూచేటప్పుడు ముందు కాటా సున్నా చూపించమనండి. ఆ తర్వాత ట్యాగ్, వెనక కట్టుకునే పట్టుదారం విప్పేసి పెట్టమనండి. గుత్తపూసల హారమైతే ఇంకా జాగ్రత్త. కింద వేలాడే ముత్యాల గుత్తులన్నీ తూకంలో ఉంటాయి, వాటిని సరిగ్గా తీసేశారా లేదా అన్నది కంటితో తేలదు. నల్లపూసలు కూడా అంతే, పూసల బరువు తీసేశాకే బంగారం లెక్క. లోపల లక్క నింపిన కంటెలు, కడియాలు అయితే లక్క ఎన్ని గ్రాములో బిల్లులో వేరే రాయించాలి. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వీడియో కాల్‌లో నగ చూసి ఇంట్లోవాళ్లతో కొనిపించేవాళ్లు నగని కాదు, కాటా మీది అంకెల్ని చూపించమని అడగండి.

ఇదంతా కౌంటర్ దగ్గరే ఎందుకు చేయాలంటే, ఇంటికి వచ్చాక రాళ్ల తూకం తేల్చుకోవడం చాలా కష్టం. రాళ్లు ఊడదీస్తే తప్ప తెలియదు, ఊడదీస్తే నగ పాడవుతుంది, షాపువాళ్లు వెనక్కి తీసుకోరు. ఈ తేడా సాధారణంగా బయటపడేది పదేళ్ల తర్వాత, అమ్మడానికో మార్చుకోవడానికో తీసుకెళ్లిన రోజు. అప్పుడు రాళ్లు తీసేసి ఉత్త బంగారం తూస్తారు, బిల్లులో 46 ఉన్నది కాటా మీద 43 చూపిస్తుంది. రాళ్లకి చాలాచోట్ల పైసా ఇవ్వరు.

హాల్‌మార్క్ సంగతి. నగ మీద మూడు గుర్తులుండాలి: బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ముద్ర, స్వచ్ఛత (22 క్యారట్ అయితే 916, 18 క్యారట్ అయితే 750), అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకి ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలు ఈ ఆరక్షరాల సంఖ్యతోనే అమ్మాలి. షాపులో పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంచడం వాళ్ల బాధ్యత, అడిగి తీసుకుని చదవండి. ఆ సంఖ్యని ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే షాపు వివరాలు, పరీక్షించిన కేంద్రం, ఏ రకం నగ, స్వచ్ఛత ఎంత, ఏ రోజు ముద్ర పడింది అన్నీ వస్తాయి. చాలామంది సంఖ్య దొరికిందని అక్కడితో ఆగిపోతారు. నగ రకం కూడా చదవండి. చేతిలో హారం ఉండి యాప్‌లో ఉంగరం అని వస్తే ఆ సంఖ్య వేరే నగది. 916 అనుకున్నది 750 అని వస్తే అది 18 క్యారట్. రాళ్ల నగల్లో 18 క్యారట్‌వి చాలా ఉంటాయి, అది తప్పు కాదు, కానీ 22 క్యారట్ రేటు కట్టకూడదు.

ఒక మెలిక ఉంది. కుందన్, పోల్కీ, జడావు (రాళ్లని బంగారు రేకుతో అదిమి పొదిగే పాతకాలపు పనితనం) నగలకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. రెండు గ్రాముల్లోపు వస్తువులకీ అంతే. ఈ మినహాయింపుని సాకుగా పెట్టుకుని మామూలుగా రాళ్లు పొదిగిన హారాన్ని కూడా "ఇది కుందన్ పని అండీ, నంబర్ రాదు" అని అమ్మేవాళ్లున్నారు. రాయిని చిన్న గోళ్లలాంటి పట్టీలతో పట్టి ఉంచితే అది కుందన్ పని కాదు. నిజంగా కుందనే అయితే బంగారం ఎన్ని క్యారట్లదో బిల్లులో రాయించండి. నోటిమాటకి విలువ లేదు. పైగా రాళ్ల తూకం గోల్‌మాల్‌కి ఎక్కువ అవకాశం ఉన్నది కూడా ఈ రకం నగల్లోనే.

స్వచ్ఛత మీద అనుమానం వస్తే బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రానికి మీరే తీసుకెళ్లవచ్చు. నాలుగు వస్తువుల వరకు 200 రూపాయలు. హాల్‌మార్క్ చెప్పినదానికంటే స్వచ్ఛత తక్కువ తేలితే, ఆ తేడా విలువకి రెట్టింపు, దాంతో పాటు పరీక్ష ఖర్చు షాపు ఇవ్వాలి. షాపుల్లో స్వచ్ఛత చూపించే క్యారట్ మీటర్ మాత్రం పై పొరనే చదువుతుంది. లోపల ఏముందో అది చెప్పదు.

"తరుగు సున్నా, మజూరీ సున్నా" బోర్డుల గురించి ఒక్క మాట. తరుగు తీసేసిన చోట రాళ్ల ధర చూడండి, గ్రాము రేటు చూడండి. ఇంకో షాపులో అదే తూకం నగకి మొత్తం ఎంత అవుతుందో అడిగి పక్కన పెట్టుకోండి. శాతాలు పోల్చొద్దు, చివరి మొత్తాన్ని నెట్ గ్రాములతో భాగించి గ్రాముకి ఎంత పడుతోందో పోల్చండి. పై హారానికి అలా చూస్తే, నిజంగా ఉన్న 43.400 గ్రాముల మీద గ్రాముకి దాదాపు 13,900 పడింది.

షాపుకి నెలనెలా డబ్బు కట్టే పదకొండు నెలల స్కీముల్లో ఉన్నవాళ్లు ఒక్కటి చూసుకోండి: బోనస్ తరుగుకి ఎంత శాతం వరకు వర్తిస్తుంది, రాళ్ల నగలకి వర్తిస్తుందా లేదా. పాత బంగారం మార్చుకునేవాళ్లు కరిగించకముందు తూకం, కరిగించాక తూకం రెండూ కళ్లముందే తీయించండి.

బిల్లు లేకుండా తీసుకుంటే 3 శాతం మిగులుతుందని ఆశపెడతారు. ఆ 3 శాతం కోసం పోయేది మీ సాక్ష్యం. బిల్లులో ప్రతి వస్తువు పేరు, నెట్ తూకం, స్వచ్ఛత, హాల్‌మార్క్ ఛార్జీ విడిగా ఉండాలి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం షాపుకే నిషేధం.

ఇప్పటికే కొన్నవాళ్లు బీరువాలో ఉన్న బిల్లు తీయండి. రాళ్ల క్యారట్లని 5తో భాగించండి, తీసేసిన గ్రాములతో పోల్చండి. తేడా ఉంటే రాయి ఊడదీయనక్కర్లేదు, వాళ్లు రాసిన రెండు అంకెలే సాక్ష్యం. ముందు మేనేజర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, కుదరకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. తూకం మోసమైతే తూనికలు కొలతల శాఖకీ, స్వచ్ఛత మోసమైతే బీఐఎస్ కేర్ యాప్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే రెండేళ్ల గడువు ఉంటుంది. కట్టిన మొత్తం 5 లక్షల్లోపు అయితే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల మధ్య అయితే 200 రూపాయలు. బిల్లు కాగితం మీది అచ్చు కాలం గడిస్తే వెలిసిపోతుంది, ఈ రోజే ఫొటో తీసి ట్యాగ్ ఫొటోతో కలిపి దాచుకోండి.