సీ భాషకు పాత యాక్ గ్రామర్: మూడేళ్లు వాడాక నా గోడు

1985లో ఆన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) సీ ముసాయిదా ఆధారంగా జెఫ్ లీ రాసిన యాక్ గ్రామర్ (సీ వాక్యాలు ఎలా ఉండాలో చెప్పే రూల్స్; ప్రోగ్రామ్‌ను వాటి ప్రకారం చదివే పార్సర్‌ను యాక్ తయారుచేసిస్తుంది) గురించి కంపైలర్లతో కుస్తీ పట్టేవాళ్లకు చెప్పక్కర్లేదు. మిర్యాలగూడలో డిప్లొమా పిల్లలకు చూపించడానికి ఒక చిన్న సీ కంపైలర్ కట్టుకున్నాను, మూడేళ్లుగా దానికి ఇదే పునాది. నా కోపమంతా పక్కనుండే లెక్స్ ఫైల్లోని (ప్రోగ్రామ్‌ను పదాలుగా విడగొట్టే లెక్సర్ దీన్నుంచే వస్తుంది) ఒక్క ఫంక్షన్ మీద. దాని పేరు చెక్_టైప్.

మొదట్లో మురిసిపోయాను. యాక్ పనే చేసే బైసన్‌కు ఇస్తే ఒకే ఒక్క షిఫ్ట్-రెడ్యూస్ గొడవ (ఇంకా ముందుకు చదవాలా, చదివింది అక్కడే ముగించాలా అని పార్సర్ తేల్చుకోలేని చోటు) చూపించింది. అది కూడా ఎల్స్ ఏ ఇఫ్‌కు చెందుతుందన్న పాత పేచీయే. బైసన్ దాన్ని దగ్గరి ఇఫ్‌కే కలుపుతుంది, సీకి కావలసిందీ అదే. స్టాఫ్‌రూమ్‌లో గొప్పగా చెప్పుకున్నాను.

తర్వాత ఒక పిల్లాడు రైస్ మిల్లు లెక్కల ప్రోగ్రామ్ తెచ్చాడు. పైన టైప్‌డెఫ్‌తో ఇంట్ అనే పూర్ణసంఖ్య టైపుకు 'బస్తా' అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరుతో వేరియబుల్ పెట్టగానే సింటాక్స్ ఎర్రర్. "సార్, గీ లైన్ల తప్పేముంది? ల్యాబ్‌ల మంచిగనే నడిచింది" అన్నాడు. రెండు రాత్రులు గ్రామర్ రూల్సే అటూ ఇటూ తిప్పాను. చివరికి డీబగ్ ఆన్ చేసి చూస్తే, 'బస్తా' టైప్ పేరుగా కాకుండా మామూలు ఐడెంటిఫైయర్‌గా (వేరియబుల్ లాంటివాటి పేరుగా) వస్తోంది. చెక్_టైప్ తెరిచాను. లోపల ఉన్నది ఒక కామెంటు, ఐడెంటిఫైయర్ అని తిరిగిచ్చే ఒక్క లైను, అంతే. పేరు టైపుదా కాదా ఇది చూడాలని, నిజానికి మాత్రం ఎప్పుడూ ఐడెంటిఫైయరే ఇస్తుందని ఆ కామెంటే చెప్తోంది. దాచిందేమీ లేదు, చదవనిది నేనే. అయినా కోపం వచ్చింది.

టైప్‌డెఫ్ పేర్లను సింబల్ టేబుల్లో (పేర్ల పట్టికలో) వేసి, లెక్సర్ అక్కడ చూసుకునేలా ఒక సాయంత్రంలో రాసేశాను. వారం తిరగకుండానే వాడే మళ్లీ వచ్చాడు. ఈసారి ఫంక్షన్ లోపల 'ఇంట్ బస్తా;' అని వేరియబుల్ పెట్టి, కింది లైన్లో దానికి 40 ఇచ్చాడు. ఎర్రర్ చూపింది కింది లైన్లో, తప్పు జరిగింది పై లైన్లో. లెక్సర్ 'బస్తా' టైపే అంది, పార్సర్ రెండు టైపులు పక్కపక్కన ఉన్నాయనుకుంది. వేరియబుల్ పేరు లేని డిక్లరేషన్‌ను కూడా ఈ గ్రామర్ ఒప్పుకుంటుంది కాబట్టి చప్పుడు చేయకుండా మింగేసింది. టైప్ ఒకటి వచ్చాక తర్వాతి పేరు ఐడెంటిఫైయరే అని ఒక ఫ్లాగ్ పెట్టాను. పారామీటర్ల బ్రాకెట్ తెరుచుకోగానే దాన్ని దించాలని మరో రోజు తెలిసింది. బ్రేస్ మూసేదాకా లోపలి పేరు బయటి టైపును కప్పేయాలి, అది ఇంకో పని.

శుభ్రమైన గ్రామర్ అని పొగిడానా, అదీ పూర్తిగా నిజం కాదు. ఉత్త 5 అనే అంకె ఎక్స్‌ప్రెషన్ కావాలంటే ఒకదానిపై ఒకటిగా 17 రూల్స్ మెట్లెక్కాలి. మెట్టుకో నోడ్ కట్టి బోర్డు మీద చెట్టు గీస్తే పిల్లలు నవ్వారు. ఇప్పుడు ఒకే కొమ్మ ఉన్న రూల్స్‌కు నోడ్ కట్టడం లేదు. రెండు ఏటవాలు గీతలతో (//) మొదలయ్యే కామెంట్లు దీనికి తెలియవు, అది పెద్ద పని కాదు.

జీసీసీ (పేరున్న ఉచిత కంపైలర్) వాళ్లు కూడా 2006లో 4.1 వెర్షన్‌తో సీకి బైసన్ వదిలి చేత్తో రాసిన పార్సర్‌కు మారారని చదివాక మనసు కొంచెం కుదుటపడింది. నేను మాత్రం మారలేదు. క్లాసులో రూల్ చూపించి, వెంటనే నడిపించి చూపడానికి నాకు ఇదే వీలు. పెద్ద పెద్ద హెడర్ ఫైళ్లను దీంతో నమిలించాలనుకునేవాళ్లు నన్ను అడగొద్దు, నేను ఆ దారి తొక్కలేదు.