సూర్యారావుపేట స్కిన్ క్లినిక్‌లో డెర్మోస్కోపీ, నా అనుభవం

యోని దగ్గర మచ్చ వస్తే ఎవరికి చూపించాలో తెలీక నాలాగా లోపల్లోపలే నలిగిపోయేవాళ్ళ కోసం రాస్తున్నా. నాకు 43 ఏళ్ళు. యోని లోపలి పెదవి మీద మినపగింజంత నల్లమచ్చ, నొప్పి లేదు దురద లేదు, ఎప్పట్నుంచి ఉందో కూడా తెలీదు. నెట్‌లో వెతికితే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని కనపడింది, ఇంక ఆ రోజునుంచి నిద్ర పడితే ఒట్టు. సిగ్గుపడి ముందు మెడికల్ షాపులో అడిగితే ఏదో ట్యూబ్ ఇచ్చారు, నెల రాశా, మచ్చ అలాగే ఉంది, చర్మం పల్చబడి మంట మొదలైంది. అందులో స్టెరాయిడ్ ఉందని తర్వాత డాక్టరమ్మ చెప్తే తెలిసింది.

చివరికి విజయవాడ సూర్యారావుపేటలో ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్ళా. లేడీ డాక్టరు, నర్సుని పక్కన ఉంచుకుని కర్టెన్ వేశాకే చూశారు. డెర్మోస్కోప్ అని చేత్తో పట్టుకునే చిన్న పరికరం, దానితో మచ్చని చూడటమే డెర్మోస్కోపీ. లైటు ఉంటుంది, 10 రెట్లు పెద్దగా చూపిస్తుందట. ఒకరిది ఇంకొకరికి అంటకుండా దాని అద్దానికి వంటింట్లో గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ కాగితం కొత్తది చుట్టారు. స్పిరిట్ అయితే అక్కడ భగ్గుమంటుందని స్కానింగ్‌కి పూసే జెల్ రాశారు. చల్లగా తగిలింది అంతే, కోత లేదు సూది లేదు, ఐదు నిమిషాల్లో అయిపోయింది.

నన్నడిగి ఫోన్‌తో ఫోటో తీసి నాకే చూపించారు, అది మాత్రం జన్మలో మర్చిపోను. మామూలుగా చూస్తే నల్లటి ముద్దలా ఉండే మచ్చ, అందులో చూస్తే గోధుమరంగు గీతలు, దువ్విన జుట్టులా పక్కపక్కనే. దీన్ని మెలనోసిస్ అంటారమ్మా, అక్కడ రంగు ఎక్కువ చేరింది, క్యాన్సర్ కాదు అన్నారు. అదే గీతలూ చుక్కలూ ఏమీ లేకుండా పులిమేసినట్టుండి, నీలం, బూడిద, తెలుపు రంగులు కనపడితే మాత్రం ఆగరట, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారట. అనుమానం మిగిలితే బయాప్సీ తప్పదు, ఈ పరికరం దానికి బదులు కాదని కూడా స్పష్టంగా చెప్పారు.

నచ్చనిది రిసెప్షన్. పదిమంది ముందు గట్టిగా "ప్రాబ్లం ఏంటమ్మా" అని అడిగితే నోట మాట రాలేదు, ఇలాంటి బాధతో వచ్చినామె అక్కణ్ణుంచే వెనక్కి వెళ్ళిపోతుంది. చీటీ మీద రాయించుకోమని డాక్టరుగారికి చెప్పా, సరే అన్నారు.

ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారు, ఇప్పటి ఫోటోతో పోల్చి చూస్తారట. ఈలోపు పెరిగినా, రంగు మారినా, రక్తం వచ్చినా వెంటనే రమ్మన్నారు. ఫీజు 500, డెర్మోస్కోపీకి వేరే తీసుకోలేదు. సాయంత్రం టోకెన్ కావాలంటే 4 గంటలకల్లా వెళ్ళండి.