బైరాయిత్ ఒపెరా పండుగ టికెట్లు బయటి సైట్లలో కొనేవాళ్ళకి: జాగ్రత్త

జర్మనీలో ఉంటున్న మనవాళ్ళూ, వేసవిలో పెద్దవాళ్ళని ఇక్కడికి రప్పించుకుని నాలుగు ఊళ్ళు చూపిద్దామనుకునేవాళ్ళూ ఇది చదవండి. బైరాయిత్‌లో పేరున్న ఒపెరా హౌస్‌లు రెండున్నాయి. టికెట్లు తిరిగి అమ్మే ఒక సైట్ ఆ తికమకని వాడుకునే మా డబ్బు గుంజింది.

ఊరు చిన్నది, న్యూరెంబర్గ్ నుంచి రైల్లో గంట ప్రయాణం. ఏటా జులై చివర్లో మొదలయ్యే, జర్మన్ ఒపెరా స్వరకర్త వాగ్నర్ పండుగ జరిగేది స్టేషన్‌కి ఉత్తరాన, గుట్ట మీద. వాగ్నర్ తన ఒపెరాల కోసమే కట్టించుకుని 1876లో తెరిచిన ఫెస్ట్‌స్పీల్‌హౌస్ అది. రెండోది ఊరి మధ్యలో ఉన్న మార్గ్రేవియల్ ఒపెరా హౌస్. 1748 నాటిది, 2012లో యునెస్కో జాబితాకెక్కింది. దాన్ని మ్యూజియంలా టికెట్ కొని చూసి రావచ్చు, అదీ కొద్ది యూరోలకే.

మాకు అమ్మిన పేజీలో ఫొటో గుట్ట మీది హాలుది. పైన ‘బైరాయిత్ ఒపెరా హౌస్, ఫెస్టివల్ సీజన్’ అని పెద్దక్షరాలు. మా మామగారికి సంగీతమంటే ప్రాణం, అందుకని ఇద్దరికీ వందల యూరోలు పోసి కొన్నాం. తీరా ప్రయాణం ముందు వచ్చిన పీడీఎఫ్ తెరిస్తే మార్గ్రేవియల్ ప్రవేశ టికెట్లు! ఫోన్ చేస్తే, ‘ఒపెరా హౌస్ అన్నాం, ఇచ్చాం. సీజన్ అన్నాం, ఆగస్టే కదండీ’ అని తాపీగా జవాబు.

ఎలాగూ గది తీసుకున్నాం కదా అని వెళ్ళాం. లోపల ఆ చెక్కపని, బంగారు పూత చూసి మామగారు నోరు తెరుచుకుని నిలబడిపోయారు. నిజానికి వాగ్నర్‌ని ఈ ఊరికి లాక్కొచ్చింది కూడా ఇక్కడి పెద్ద స్టేజీయే. తన నాటకాలకి పనికిరాదని తేలాకే గుట్ట మీద వేరే కట్టుకున్నాడు. 1872లో దానికి శంకుస్థాపన చేసిన రోజు ఈ పాత హాల్లోనే బేతోవెన్ తొమ్మిదో సింఫనీ నడిపించాడు. చూడదగ్గ చోటే, కాదనను. కానీ అసలు ధరకి ఎన్నో రెట్లు ఎందుకివ్వాలి?

ఆ సైట్‌వాళ్ళు పండుగ టికెట్లే పంపినా గ్యారంటీ లేదు. వాటి మీద కొన్నవాళ్ళ పేరుంటుంది, గుమ్మం దగ్గర గుర్తింపు కార్డు అడగొచ్చు. పండుగవాళ్ళ సొంత సైట్‌లోనే, నెలల ముందు నుంచీ చూస్తూ కొనండి. డబ్బు కట్టే ముందు టికెట్‌లో ఫెస్ట్‌స్పీల్‌హౌస్ అన్న మాట, ఒపెరా పేరు, వరస, సీటు నంబరు ఉన్నాయో లేదో చూడండి. మాకు వచ్చినవాటిలో సీటు నంబరే లేదు.

పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే ఇంకో మాట. ఫెస్ట్‌స్పీల్‌హౌస్‌లో ఆట ఎక్కువగా సాయంత్రం నాలుగింటికి మొదలై రాత్రి దాకా సాగుతుంది, మధ్యలో గంటేసి విరామాలు. హాల్లో ఏసీ లేదు, సీట్లు గట్టివి, వరసల మధ్యలో దారి ఉండదు. తలుపులు మూశాక ఆలస్యంగా వచ్చినవాళ్ళని రానివ్వరు.

కార్డు బ్యాంకులో ఫిర్యాదు వేశాను. అది తెలిశాక సైట్‌వాళ్ళు, సగం వెనక్కిస్తాం, మీరు పెట్టిన రివ్యూ తీసేయండి అని మెయిల్ పంపారు. తీయలేదు.