మ్యాట్ పెయింటింగ్ నేర్చుకోవడానికి ఏ పుస్తకం కొనాలి, ఏ వీడియోకి డబ్బు కట్టాలి

కావలిలో ఒక ఫోటో స్టూడియోలో కరిజ్మా ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. కటింగ్, లేయర్లు, మాస్కులు, కలర్ కరెక్షన్ చేతికి అలవాటైన పని. ఆ అలవాటుతోనే సినిమాల మ్యాట్ పెయింటింగ్ వైపు వెళ్లాలని ఆశపడేవాళ్లు మన నెల్లూరు, ఒంగోలు స్టూడియోల్లో నాకు తెలిసి చాలామంది ఉన్నారు. కొన్ని సినిమా షాట్లలో నటులు, ముందున్న కాస్త సెట్టు మాత్రమే నిజం, వెనక కోట, కొండ, నగరం, ఆకాశం అంతా బొమ్మ. ఆ బొమ్మ వేసే పనే మ్యాట్ పెయింటింగ్. దానికోసం నేను సొంత డబ్బుతో కొని, పక్కన సిస్టమ్ పెట్టుకుని ప్రాక్టీస్ చేసిన వాటి గురించే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఫోటోషాప్ వచ్చినవాళ్లు మొదటి డబ్బు మళ్లీ ఫోటోషాప్ కోర్సుకే పెట్టొద్దు. ల్యాండ్‌స్కేప్ పెయింటింగ్ మీద ఒక పుస్తకం, వెలుగు మీద ఒక పుస్తకం కొనండి. ఆల్బమ్ పని మనకు నేర్పనిది అదే. పెళ్లికూతురు వెనక స్విట్జర్లాండ్ మంచుకొండ పెట్టినా నీడ ఎటు పడిందని ఏ పెళ్లివారూ అడగరు. సినిమాలో అదే షాట్ నాలుగైదు సెకన్లు పెద్ద తెర మీద నిలబడాలి. ఎక్కడో తేడా ఉందని చూసేవాడి కంటికి తెలిసిపోతుంది, ఏం తేడానో అతను చెప్పలేకపోయినా సరే.

ల్యాండ్‌స్కేప్ పుస్తకాల్లో జాన్ ఎఫ్. కార్ల్‌సన్ రాసినది, కార్ల్‌సన్స్ గైడ్ టు ల్యాండ్‌స్కేప్ పెయింటింగ్, తీసుకోండి. మొదట 1929లో వచ్చింది. ఇప్పుడు డోవర్ వాళ్ల పేపర్‌బ్యాక్ దొరుకుతుంది, ధర కూడా ఎక్కువ కాదు. బొమ్మలు చాలావరకు నలుపు తెలుపే. అది చూసి పక్కన పెట్టేయొద్దు. అందులో ఒక్క అధ్యాయం మొత్తం ఖర్చుకు సరిపోతుంది. వెలుగు ఆకాశం నుంచి వస్తుంది కాబట్టి ఆకాశమే అన్నిటికన్నా వెలుగుగా ఉంటుంది. దాని తర్వాత పైకి తిరిగి పడుకున్న నేల. ఆ తర్వాత ఏటవాలుగా ఉన్న కొండ. నిటారుగా నిలబడ్డ చెట్లు అన్నిటికన్నా ముదురు. ఆయన దీన్ని కోణాల సిద్ధాంతం అంటాడు. ఇది చదివాక ఉదయగిరి కొండ ఫోటోని నలుపు తెలుపులోకి మార్చి చూశాను. ఆకాశం, కింద బీడు, కొండవాలు, పొదలు, సరిగ్గా ఆ వరుసలోనే వచ్చాయి. అప్పటి నుంచి ఏ బొమ్మ మొదలుపెట్టినా ముందు ఈ నాలుగు టోన్లు బూడిదరంగులో వేసుకుని, ఆ తర్వాతే ఫోటోలు అతికిస్తున్నాను. నాలుగు దేశాల నుంచి తెచ్చిన నాలుగు ఫోటోలు ఒకే చోటువిలా కనపడటం అప్పటి నుంచే మొదలైంది.

అయితే ఆయన చెట్లు, మేఘాలు, మంచు అన్నీ అమెరికావి. మన దగ్గర ఆ వరుస తప్పే చోట్లు ఉన్నాయి. ఇస్కపల్లి ఉప్పు మడుల దగ్గర ఎండలో నిలబడి చూడండి. తెల్లటి ఉప్పు కుప్ప వెనకున్న ఆకాశం కన్నా వెలుగుగా ఉంటుంది. సూత్రాన్ని పట్టుకోండి, దాంతోపాటు బయటికి వెళ్లి కళ్లతో కూడా చూడండి.

వెలుగు మీద జేమ్స్ గర్నీ పుస్తకం, కలర్ అండ్ లైట్, 2010లో వచ్చింది. నా దగ్గరున్న అన్నిట్లో దీన్ని ఎక్కువసార్లు తెరిచాను. ఒక్కో అంశానికి ఎదురెదురు రెండు పేజీలు, బొమ్మ పక్కనే వివరణ. ఇంగ్లీషు కష్టంగా ఉండదు. దూరం వెళ్లేకొద్దీ రంగులు ఎలా పలచబడతాయి, మబ్బు పట్టిన రోజు నీడలు ఏమవుతాయి, సూర్యుడికి ఎదురుగా చూసినప్పుడు దూరం నీలంగా కాకుండా వెచ్చని రంగులోకి ఎందుకు మారుతుంది, ఇవన్నీ ఉన్నాయి. దూరపు కొండ అనగానే నీలం పూసేయడం మన స్టూడియోల్లో అలవాటు. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పగటిపూట దూరం చాలాసార్లు నీలం కన్నా పాలిపోయిన తెలుపులోకి పోతుంది. అందుకు కారణం ఆ పేజీలు చదివితే అర్థమవుతుంది.

ఈ పుస్తకాలు అన్నీ చదివాక కూడా మనం విడిగా తెలుసుకోవాల్సింది ఒకటి ఉంది. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం లండన్‌లో సూర్యుడు సుమారు 15 డిగ్రీల ఎత్తు వరకే వస్తాడు. అదే రోజు కావలిలో 50 డిగ్రీలు దాటతాడు. మే మొదట్లో, మళ్లీ ఆగస్టు రెండో వారంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అందుకే విదేశీ కోర్సుల్లో ఇచ్చే మధ్యాహ్నం ఫోటోల్లో నీడలు బారెడు పొడవుంటాయి. మన గోపురం మీద బొమ్మల నీడలు వేసవిలో తిన్నగా కిందికి దిగుతాయి. ఆ ఫోటోల్లోంచి ఒక గోడ కత్తిరించి మన కోటకు పెడితే ఎంత కలర్ కరెక్షన్ చేసినా అతకదు. ఇంకొకటి, మన సముద్రం తూర్పున ఉంది. తుమ్మలపెంట బీచ్‌లో సాయంత్రం సూర్యుడు నీళ్లలో మునగడు, ఊరి వైపు కొండల వెనక్కి పోతాడు. ప్రీ వెడ్డింగ్ ఆల్బమ్‌లలో సముద్రం మీద సూర్యాస్తమయాలు ఎన్నో అతికించి ఉన్నాయి. మ్యాట్ పెయింటింగ్ చేయాలనుకునేవాళ్లు ఆ అలవాటు పూర్తిగా మానుకోవాలి.

ఇక ఈ పనికే రాసిన పుస్తకం, డేవిడ్ బి. మాటింగ్లీ రాసిన ద డిజిటల్ మ్యాట్ పెయింటింగ్ హ్యాండ్‌బుక్, 2011. ఆయన డిస్నీ స్టూడియో మ్యాట్ విభాగానికి అధిపతిగా చేసిన మనిషి. కుంచె కాలం, కంప్యూటర్ కాలం రెండూ చూసినవాడు. పుస్తకంలో ఒక కోటను గీతల దగ్గర్నుంచి కట్టుకుంటూ వస్తాడు. ముందు పర్‌స్పెక్టివ్ గీతలు (దూరం వెళ్లేకొద్దీ వస్తువులు ఎంత చిన్నగా కనపడాలో చూపేవి), తర్వాత వెలుగు నీడలు, ఆ తర్వాతే రాతి టెక్స్‌చర్. ఈ వరుస నాకు చాలా నచ్చింది. మనమంతా మొదట టెక్స్‌చర్ వెతుక్కుంటాం, అది దొరికాక దాని చుట్టూ బొమ్మ కడతాం. ఆయన చెప్పినట్టు నీడ ఎక్కడ పడాలో గీతలతో లెక్కగట్టి పెట్టుకుంటే, తర్వాత ఏ రాయి పెట్టినా నిలుస్తుంది. నేను ఆయన కోటను వదిలేసి, శ్రీకృష్ణదేవరాయలు 1514లో గెలిచిన మన ఉదయగిరి దుర్గంతో అవే పాఠాలు చేశాను. కొండవాలు వెంట ఎక్కే ప్రాకారానికి ఒకే హొరైజన్ కింద పర్‌స్పెక్టివ్ కుదర్చడం చాలా ఓపికతో చేయాల్సిన పని. అది పూర్తిచేస్తే మిగతా పాఠాలు తేలికవుతాయి. పుస్తకం పాతబడ్డ మాట నిజం. మెనూలు మారాయి, త్రీడీ సాఫ్ట్‌వేర్ గురించి చెప్పిన భాగం ఇప్పటి వెర్షన్లలో యథాతథంగా కుదరదు. మొదటి సగం మాత్రం ఇంకా బలంగానే ఉంది.

డి ఆర్టిస్ట్ సిరీస్‌లో మ్యాట్ పెయింటింగ్ సంపుటం 2005లో వచ్చింది. పెద్ద సైజు, అందమైన ప్రింటు. కానీ మెట్టుమెట్టుగా నేర్పదు. పని వచ్చాక చూసి ఆనందించే పుస్తకం, ఆఖరున కొనండి.

క్రెయిగ్ బారన్, మార్క్ కోటా వాజ్ కలిసి రాసిన ది ఇన్విజిబుల్ ఆర్ట్, 2002, పాఠాల పుస్తకం కాదు, చరిత్ర. అయినా నేను దీన్ని చదవమనే చెబుతాను. 1907లో నార్మన్ డాన్ కూలిపోయిన పాత చర్చిల ముందు అద్దం నిలబెట్టి, లేని కప్పుని అద్దం మీద వేసి, కెమెరాతో రెండూ కలిపి తీశాడు. ఆల్బర్ట్ విట్‌లాక్ అనే మ్యాట్ పెయింటర్, షాట్‌లో సగం మూసి తీసి, అదే నెగెటివ్ మీద తర్వాత బొమ్మను ఎక్స్‌పోజ్ చేసేవాడు. అక్కడ కంట్రోల్ జెడ్ లేదు. ఆ పెయింటింగ్‌లను దగ్గర్నుంచి తీసిన ఫోటోలు చూస్తే కుంచె గీతలు మోటుగా, విడివిడిగా కనిపిస్తాయి. వెలుగు, టోను సరిపోయాయి కాబట్టి తెర మీద నిజమైపోయాయి. నాలుగు వందల శాతం జూమ్ చేసుకుని ఆకులు ఒక్కొక్కటి దిద్దే మనకి ఇది చాలా అవసరమైన విషయం.

వీడియోల సంగతి. నోమన్ వర్క్‌షాప్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో డిలన్ కోల్ చేసిన ల్యాండ్‌స్కేప్ మ్యాట్ పెయింటింగ్ పాఠాలు పాతవే, అయినా ఇప్పటికీ వాటికి మించినవి నాకు కనపడలేదు. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడో భాగంలో మ్యాట్ పెయింటింగులు చేసిన వ్యక్తి ఆయన. బొమ్మ వేస్తూ మాట్లాడతాడు, ఒక ఫోటోని ఎందుకు వద్దనుకున్నాడో కూడా చెబుతాడు. ఆ వద్దనుకోవడమే నాకు ఎక్కువ పనికొచ్చింది. చందా కట్టి చూడాలి, ఇంగ్లీషు వేగంగా ఉంటుంది. వేగం తగ్గించి పెట్టుకుని నోట్సు రాసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు బొమ్మ ఒక్కటే వేస్తే చాలదు, కెమెరా కదలాలి. కెమెరా ప్రొజెక్షన్ నేర్చుకోవడానికి మాత్రం డబ్బు కట్టక్కర్లేదు. సినిమా హాల్లో ప్రొజెక్టర్ తెర మీద బొమ్మ వేసినట్టు, మన పెయింటింగ్‌ని త్రీడీలో కట్టిన సాదా గోడలు, గుట్టల మీద కెమెరా ఉన్న చోటు నుంచే వేస్తాం. కెమెరా కాస్త పక్కకి జరిగితే ముందు గోడ, వెనక కొండ వేరువేరు వేగంతో కదులుతాయి. మరీ ఎక్కువ జరిపితే బొమ్మ సాగిపోతుంది, గోడ వెనక బొమ్మ వేయని భాగం బయటపడుతుంది. అందుకే లేయర్లను ముందే విడదీసి, వెనక భాగం కూడా వేసి పెట్టుకోవాలి. దీనికి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఫోటోని బట్టి కెమెరా కోణం పట్టిచ్చే ఎఫ్‌స్పై కూడా ఉచితమే. యూట్యూబ్‌లో ఇయన్ హ్యూబర్ట్ నిమిషం నిడివి పాఠాలు చూడండి. మామూలు ఫోటోల నుంచి వీధులు, భవనాలు కట్టేస్తాడు. మరీ వేగం, కొత్తవాళ్లు బ్లెండర్ బేసిక్స్ చూసుకుని వెళ్లాలి. ఆకాశాల ఫోటోల కోసం పాలీ హేవన్ సైట్ వాడుకోండి, లైసెన్సు టెన్షన్ ఉండదు. కంపోజిటింగ్‌కి, అంటే షాట్‌నీ బొమ్మనీ కలిపే పనికి, న్యూక్ సాఫ్ట్‌వేర్ నాన్ కమర్షియల్ వెర్షన్ ఉంది. అవుట్‌పుట్ 1920 బై 1080కి మించదు, నేర్చుకోవడానికి అది చాలు.

తెలుగులో చెబుతామన్న ఒక ఆన్‌లైన్ కోర్సుకి కూడా డబ్బు కట్టాను. పేరు రాయను. బ్రష్ ప్యాకులు, షార్ట్‌కట్లు, పోస్టర్ డిజైనింగ్ తప్ప ఏమీ లేదు. ఒక్క పాఠంలో కూడా ప్లేట్, అంటే కెమెరాతో షూట్ చేసిన అసలు షాట్, తీసుకుని దానికి బొమ్మను కలపలేదు. తెలుగులో ఈ పని వివరంగా చెప్పేవాళ్లు రావాలని నాకు చాలా ఉంది, అందుకే అది నన్ను బాగా బాధపెట్టింది. మీరు ఏ కోర్సుకైనా డబ్బు కట్టేముందు శాంపిల్ వీడియో ఆఖరి ఐదు నిమిషాలు చూడండి. ప్లేట్‌లోని నలుపు ఎంత ముదురుందో కొలిచి, బొమ్మలోని నలుపుని దానికి సరిపెడుతున్నారా? షాట్‌లో ఉండే సన్నటి రవ్వలాంటి గ్రెయిన్‌ని బొమ్మలోనూ కలుపుతున్నారా? అంచుల పదును కెమెరా ఫోకస్‌కి తగ్గట్టు తగ్గిస్తున్నారా? ఇవి లేకపోతే అది పోస్టర్ కోర్సే.

ఏ పుస్తకం కొన్నా మన ఊరి ఫోటోలు మనం తీసుకోవాల్సిందే. మా బావ ఉదయగిరి వైపు పెళ్లి షూట్‌కి వెళ్తుంటే, "బావా, ఆ కొండని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీయండి, స్టాండు మాత్రం కదిలించొద్దు" అని అడిగాను. "మనుషులు లేని ఫోటోలు ఏం జేసుకుంటావమ్మాయ్?" అన్నాడు, కానీ ఓపిగ్గా తీసుకొచ్చాడు. ఒకే కొండ, మూడు వెలుగులు. గర్నీ పుస్తకం పక్కన పెట్టుకుని ఆ మూడు ఫోటోలనీ ఒకదాన్ని ఇంకోదానిలా మార్చడం నేను చేసిన అభ్యాసాలన్నిట్లో మంచిది.

కొనే వరుస అడిగితే కార్ల్‌సన్, గర్నీ, తర్వాత మాటింగ్లీ, ఆ తర్వాత ఒక్క నెల నోమన్ చందా. మాటింగ్లీ పుస్తకం సెకండ్‌హ్యాండ్‌లో తీసుకునేటట్టయితే పుస్తకంతో వచ్చే డివిడి ఉందో లేదో అమ్మేవాళ్లను ముందే అడగండి. పాఠాల ఫైళ్లు అందులోనే ఉంటాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు డ్రైవ్ రావడం లేదు కాబట్టి, దగ్గర్లో పాత సిస్టమ్ ఉన్న స్టూడియోలో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.