నర్సరీ పిల్లల పువ్వుల క్రాఫ్ట్ కిట్టు కొంటున్నారా? ముందు లోపల గమ్ము చూడండి

హనుమకొండ, కాజీపేట వైపు నర్సరీ, యూకేజీ పిల్లలున్న అమ్మలకు ఈ మాట. ఉగాది ముందు స్కూళ్లలో 'స్ప్రింగ్ ఫ్లవర్స్' యాక్టివిటీ ఇస్తారు కదా. దానికోసం వాట్సాప్ గ్రూపులో కనిపించిన ఒక కిట్టును మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం కలిసి తెప్పించుకున్నాం. ఒక్కోటి 449 రూపాయలు. పైసలు ముందే పంపించాం, అదే మా తప్పు.

ఫొటోలో గుండ్రటి మొనల కత్తెర ఉంది, వచ్చిన డబ్బాలో సూదిలాంటి మొన. పువ్వు కాడలకిచ్చిన పైప్ క్లీనర్ల (నూగు చుట్టిన వంగే తీగల) చివర తీగ బయటికి పొడుచుకొచ్చింది. క్రేప్ కాగితం రంగు తడి తగిలితే చాలు, చేతులకు, ఫ్రాకుకు, ఆఖరికి గోడకు. ఇవన్నీ ఎట్లనో ఓర్చుకోవచ్చు.

గమ్ము సంగతి వేరు. లేబుల్ లేని చిన్న ట్యూబు. మామూలు తెల్ల గమ్మే అనుకుని మా పాప చేతికిచ్చాను. క్షణంలో రెండు వేళ్లు అతుక్కుపోయాయి. తెగిన చెప్పులు అతికించే రకం అది! లాగితే చర్మం ఊడొస్తుందని గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీశాను. దానికి ఏడుపు, నాకు టెన్షన్. ఈ గొడవలో రెండేళ్ల మా చిన్నోడు పువ్వు మధ్యలో అతికించే పూసను నోట్లో వేసుకున్నాడు. నాలుక మీదే కనబడింది కాబట్టి తీయగలిగాను. డబ్బా మీద '3+' అని ఉంది, నిజమే. కానీ యూకేజీ పిల్ల ఉన్న ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉండడా? నోట్లో పట్టేంత చిన్నది ఏదైనా మూడేళ్ల లోపు పిల్లలకు అందకూడదు.

అమ్మినామెకు ఫోన్ చేస్తే "విప్పిన డబ్బా వాపస్ తీసుకోం" అంది. ఐఎస్ఐ మార్కు ఏదని అడిగితే "అది ఆటవస్తువు కాదక్కా, స్టేషనరీ" అని తప్పించుకుంది. తర్వాత నంబర్ బ్లాక్. 14 ఏళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఆ మార్కు తప్పనిసరి. సరే, స్టేషనరీయే అనుకుందాం, ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, అడ్రస్, ఎంఆర్‌పీ అయినా ఉండాలిగా? ఏమీ లేవు. బిల్లు కూడా ఇవ్వలేదు. పైసలు పంపిన స్క్రీన్‌షాట్ పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను.

ఇంతకీ డబ్బాలో ఉన్నవి ట్యూలిప్ పువ్వులు. "అమ్మా, గీ పువ్వు ఏడ పూస్తది?" అని పాప అడిగితే నా దగ్గర జవాబు లేదు. మర్నాడు మా ఆయన ములుగు రోడ్డు వైపు నుంచి వస్తూ రాలిన మోదుగు పూలు సంచిలో తెచ్చాడు. మైదా పిండి ఉడికించిన గమ్ముతో చార్టు మీద అతికించాం. వేళ్లకు నారింజ రంగు అంటింది గానీ, కడిగితే పోయింది.

పసుపు మూత, దాని మీద ట్యూలిప్ బొమ్మ ఉన్న డబ్బా మీ ఇంట్లో కూడా ఉంటే, పిల్లలు స్కూల్ నుంచి వచ్చేలోపు ఆ ట్యూబు, పూసల పొట్లం తీసి పక్కన పెట్టండి.